లక్ష దాటితే టర్బో పోయినట్టేనా?

పాత డీజిల్ కార్లు నడిపేవారి వాట్సాప్ గుంపుల్లో ఒక సందేశం ఏళ్ళ తరబడి తిరుగుతోంది. టర్బో (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) ఉన్న కారు లక్ష కిలోమీటర్లు దాటితే టర్బో పోవడం ఖాయమనీ, నల్లపొగ వచ్చినా పికప్ తగ్గినా అది పోయిందనడానికి గుర్తేననీ, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపులో ఆయిల్ కనిపిస్తే ఇక అనుమానించనక్కర లేదనీ, బండి ఆపే ముందు ప్రతిసారీ ఐదు నిమిషాలు ఇంజన్‌ను ఊరికే తిరగనివ్వాలనీ, పాతబడిన ఇంజన్‌లో చిక్కటి ఆయిల్ పోసి ఏడాదికోసారి కిరోసిన్‌తో కడిగిస్తే కొంతకాలం నెట్టుకురావచ్చనీ, ఇంటి దగ్గర యజమాని చేయగలిగింది ఏమీ లేదు గనుక పదేళ్ళు నిండకముందే బండి అమ్ముకోవడం మేలనీ అందులోని సారాంశం. వీటిలో ఒకటి రెండింటిలో సగం నిజం ఉంది. ఆ సగం నిజమే మిగిలినవాటిని నమ్మిస్తోంది కాబట్టి, ఒక్కొక్క మాటనూ విడివిడిగా చూడవలసి వస్తోంది.

నేను చెప్పబోయేది ముఖ్యంగా 1.3 లీటర్ల ఫియట్ మల్టీజెట్ ఇంజన్‌ను దృష్టిలో పెట్టుకుని. 1248 సీసీల ఈ ఇంజన్ 2007లో మారుతి స్విఫ్ట్ డీజిల్‌తో మన వీధుల్లోకి వచ్చి, తరువాత డిజైర్, రిట్జ్, ఫియట్ పుంటో, టాటా ఇండికా విస్టా వంటి బండ్లలో కూడా చేరింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్ల తయారీ మానుకుంది. అందువల్ల మారుతి బండ్లలో ఈ ఇంజన్‌తో ఇక కొత్తది రాదు, ఉన్నవన్నీ ఏటికేడు పాతబడేవే. నా దగ్గరున్నది 2011 నాటి స్విఫ్ట్. మీటరు 1,80,000 దాటింది, టర్బో కంపెనీ నుంచి వచ్చినదే.

మొదటి మాట, లక్ష కిలోమీటర్ల ఆయువు. టర్బోలో ఒక ఇరుసు ఉంటుంది. దాని ఒక కొసన సైలెన్సర్ వైపు పోయే పొగ తోసే చక్రం, రెండో కొసన ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే చక్రం ఉంటాయి. ఇలాంటి చిన్న టర్బోల్లో ఆ ఇరుసు నిమిషానికి 2 లక్షల చుట్లు దాటి తిరగగలదు. అంత వేగంలో అది లోహం మీద ఆని తిరగదు, వెంట్రుక కన్నా పలుచనైన ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర ఉన్నంతకాలం అరుగుదల చాలా తక్కువ, అది ఒక్క నిమిషం తెగితే కొత్త టర్బో అయినా పాడవుతుంది. కాబట్టి టర్బో ఆయువును లెక్కించవలసింది కిలోమీటర్లలో కాదు, దానికి అందిన ఆయిల్ శుభ్రతలోనూ ఒత్తిడిలోనూ. లక్షల కిలోమీటర్లు తిరిగే లారీల్లోనూ టర్బోలే ఉన్నాయి. అక్కడ బండి ఆగితే బాడుగ పోతుంది గనుక ఆయిల్ విషయంలో యజమాని అశ్రద్ధ చేయడు.

లక్ష దాటాక టర్బోలు పోయిన బండ్లు లేవని నేననడం లేదు. అయితే అలా పోయినవాటిలో చాలావాటి చరిత్ర తిరగేస్తే, మాన్యువల్‌లో 10,000 కిలోమీటర్లకో ఏడాదికో మార్చమన్న ఆయిల్‌ను పాతిక వేలకు మార్చిన కథ బయటపడుతుంది. ముద్దకట్టిన ఆయిల్ మడ్డి, టర్బోకు ఆయిల్ తీసుకువెళ్ళే సన్నని పైపులోనూ ఆయిల్ చాంబర్ అడుగున ఉండే జల్లెడలోనూ చేరి దారి మూస్తుంది. ఇక్కడే మరో నష్టం జరుగుతుంది: పాత టర్బో విప్పి కొత్తది బిగిస్తారు, మడ్డి పట్టిన పైపును మాత్రం అలాగే వదిలేస్తారు. కొత్తది నెల తిరగకుండా పోతే, ‘ఈ బండి టర్బోలు తింటుంది’ అన్న పేరు బండికి వస్తుంది. టర్బో మార్చేటప్పుడు ఆయిల్ పైపును కొత్తది వేయించడం, జల్లెడ కడిగించడం, విరిగిన చక్రపు ముక్కలు ఉండి ఉంటాయి గనుక ఇంటర్‌కూలర్‌ను శుభ్రం చేయించడం, బిగించే ముందు ఆయిల్ రంధ్రంలో కొద్దిగా కొత్త ఆయిల్ పోయించడం యజమాని దగ్గరుండి చూసుకోవలసిన పనులు. ఆయిల్ వచ్చే జాయింటు దగ్గర గాస్కెట్‌కు బదులు సిలికాన్ పేస్టు పూయబోతే ఒప్పుకోకూడదు. జాయింటు బిగించినప్పుడు లోపలికి జారిన ఆ పేస్టే రంధ్రాన్ని మూయగలదు.

రెండో మాట, నల్లపొగ, పికప్. జేబుకు ఎక్కువ చిల్లు పెడుతున్నది ఇదే. నల్లపొగకు అర్థం ఒక్కటే: పడుతున్న డీజిల్‌కు సరిపడినంత గాలి అందడం లేదు. గాలి అందకపోవడానికి టర్బో ఒక్కటే కారణం కాదు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో పూడిపోయి ఉండవచ్చు, పొగను తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకునే ఉండిపోవచ్చు, గాలిని కొలిచే సెన్సర్ తప్పు లెక్క చెబుతుండవచ్చు. అన్నిటికన్నా తరచుగా కనిపించేది, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కూ అక్కడి నుంచి ఇంజన్‌కూ పోయే రబ్బరు హోస్ పైపు చిట్లడం. మన ఎండల్లో, ఇంజన్ సెగలో పదేళ్ళు ఉన్న రబ్బరు చిట్లకపోతేనే ఆశ్చర్యపడాలి.

నా అనుభవం ఒకటి చెబుతాను. దోర్నాల వైపు నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే బండి రెండో గేరులో కూడా లాగలేదు. వెనక అద్దంలో నల్లపొగ తప్ప రోడ్డు కనబడలేదు. తిరిగి వచ్చాక ఒక షెడ్డుకు తీసుకువెళితే, అక్కడి మేస్త్రీ బానెట్ ఎత్తి రెండుసార్లు రేజ్ చేసి, ‘టర్బో పోయింది సార్, నలభై వేలు అవుద్ది, రేపే దింపేద్దాం’ అన్నాడు. ఒక్క పైపు కూడా విప్పి చూడలేదు. ఆలోచించుకుని చెబుతానని ఇంటికి తెచ్చి, మర్నాడు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టార్చిలైటు పట్టుకుని కూర్చున్నాను. టర్బో తరువాతి హోస్ పైపు అడుగువైపు, క్లాంపుకు ఒక అంగుళం ఇవతల, అరచేయంత మేర నూనె దుమ్ము పేరుకుని ఉంది. మిగతా పైపంతా పొడిగా ఉంది. గుడ్డతో తుడిచి రెండు బొటనవేళ్ళతో వంచితే, అప్పటిదాకా కనబడని చీలిక నోరు తెరిచింది. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ఆ చీలిక మూసుకునే ఉంటుంది, లోడు పడి లోపల ఒత్తిడి పెరిగినప్పుడే తెరుచుకుంటుంది. షెడ్డులో నిలబెట్టి రేజ్ చేసినంత మాత్రాన అది బయటపడకపోవడంలో వింత లేదు. పైపుకు, రెండు క్లాంపులకు కలిపి రెండు వేలు కూడా కాలేదు. బిగించడానికి ఒక స్క్రూడ్రైవరు, ఒక టెన్ నంబరు స్పానరు, గంటన్నర సమయం సరిపోయాయి.

పొగ రంగును కూడా ఈ సందేశం కలగాపులగం చేసింది. ఆయిల్ కాలితే వచ్చేది నీలం పొగ, టర్బోను నిజంగా అనుమానించవలసింది అప్పుడు. అప్పుడైనా పిస్టన్ రింగులనూ వాల్వు సీళ్ళనూ పక్కన పెట్టకూడదు. చలి పొద్దున కాసేపు తెల్లపొగ వచ్చి పోతే అది కాలని డీజిల్. పోకుండా వస్తూనే ఉండి, రేడియేటర్ నీళ్ళు కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ సంగతి చూడాలి.

వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ స్కానర్ ఒకటి స్టీరింగ్ కింది సాకెట్‌లో పెట్టి ఫోనుతో చూస్తే, ఇంజన్ కంప్యూటర్ దాచుకున్న కోడ్ కనిపిస్తుంది. పీ0299 అని వస్తే టర్బో ఒత్తిడి కావలసినంత లేదని అర్థం. ఒత్తిడి లేదని మాత్రమే అది చెబుతుంది, ఎందుకు లేదో చెప్పదు. ఈ కోడ్ చూపించి టర్బో మార్చాలనేవారికి, జ్వరమాని చూపించి ఆపరేషన్ చేయాలనేవారికి పెద్ద తేడా లేదు.

మూడో మాట, పైపులో ఆయిల్. ఇంజన్ లోపలి ఆవిరిని బ్రీదర్ గొట్టం ద్వారా గాలి పైపులోకే మళ్ళిస్తారు. ఆ ఆవిరిలో ఆయిల్ తుంపర ఉంటుంది కాబట్టి, పైపు లోపల వేలు పెట్టి తీస్తే జిడ్డు అంటుకోవడం సహజం. ఇంటర్‌కూలర్ అడుగున ఆయిల్ నిలిచి, పైపు విప్పగానే ధారగా కారితే అది వేరే విషయం. అప్పుడు కూడా టర్బో సీళ్ళు పోయాయని వెంటనే అనలేము. టర్బోలో ఆయిల్‌ను ఆపేవి రబ్బరు సీళ్ళు కావు, పిస్టన్ రింగుల్లాంటి సన్నని లోహపు రింగులు. టర్బోలోకి ఆయిల్ ఒత్తిడితో వస్తుంది, బయటికి మాత్రం తన బరువుతోనే కిందికి జారిపోతుంది. ఆ దిగే దారి మూసుకున్నా, బ్రీదర్ పూడిపోయి ఇంజన్ లోపల ఒత్తిడి పెరిగినా, ఆయిల్‌ను మోతాదు మించి పోసినా, బాగున్న టర్బో కూడా ఆయిల్ కక్కుతుంది.

టర్బో స్థితిని నేరుగా తెలుసుకునే పరీక్ష ఇంటి దగ్గర చేయగలిగినదే. ఇంజన్ పూర్తిగా చల్లారాక టర్బోకు గాలి తెచ్చే పైపు విప్పి, కనబడే చక్రపు నడిమి నట్టును రెండు వేళ్ళతో పట్టుకోవాలి. పక్కలకు రవ్వంత కదలిక ఉంటే భయపడనక్కర లేదు, ఆయిల్ పొర కోసం వదిలిన ఖాళీ అది. ముందుకూ వెనక్కూ లాగినప్పుడు కదలిక వేలికి తెలిసిందంటే, లేదా రెక్కల కొసలు గోడకు రాసుకున్న మెరుపు గీతలు కనిపించాయంటే, లేదా తిప్పినప్పుడు ఎక్కడైనా పట్టేసిందంటే మాత్రం టర్బో పని అయిపోవచ్చిందని ఒప్పుకోవాలి. పైపు తిరిగి బిగించే ముందు లోపల గుడ్డముక్క గానీ, నట్టు గానీ మిగలలేదని రెండుసార్లు చూసుకోవడం మరవకూడదు.

నాలుగోది, ఆపే ముందు ఐదు నిమిషాల నియమం. సగం నిజమన్నది దీన్నే. బాగా లోడు మీద నడిచి వచ్చిన ఇంజన్‌ను ఠక్కున ఆపితే ఆయిల్ ప్రవాహం ఆగిపోతుంది, కాగిన టర్బో వేడి మధ్యలో నిలిచిపోయిన ఆయిల్‌కు ఎక్కి అది మాడి బొగ్గు కడుతుంది. అయితే ఊళ్ళో కూరగాయలకు వెళ్ళి వచ్చిన బండిలో ఆ వేడి ఎక్కడిది? చివరి కిలోమీటరు నెమ్మదిగా నడిపితే అదే చాలు. ఘాట్ ఎక్కి ఆపినప్పుడో, హైవే మీద గంటసేపు వేగంగా తోలి నేరుగా హోటల్ ముందు ఆపినప్పుడో ఒకటి రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచితే సరిపోతుంది. ప్రతిసారీ ఐదు నిమిషాలు వృథాగా తిప్పడం వల్ల డీజిల్ కాలడం, మసి పట్టడం తప్ప లాభం లేదు. సందేశం చెప్పని రెండో సగం అంతకన్నా ముఖ్యం: స్టార్ట్ చేసిన వెంటనే రేజ్ చేయకూడదు, ఎందుకంటే రాత్రంతా కిందికి దిగిన ఆయిల్ తిరిగి టర్బోను చేరడానికి కొన్ని క్షణాలు పడుతుంది.

ఐదోది చిక్కటి ఆయిల్. ఆయిల్ తగ్గుతోందని పాత ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 అనే చిక్కటి గ్రేడు పోసే అలవాటు మనకు కార్బ్యురేటర్ బండ్ల కాలం నుంచి ఉంది. సన్నని దారుల గుండా వేగంగా పారవలసిన ఆయిల్ చిక్కబడితే, పొద్దున స్టార్ట్ చేసినప్పుడు టర్బోకు చేరడం ఇంకా ఆలస్యమవుతుంది. ఈ ఇంజన్‌లో ఉన్నది టైమింగ్ చైన్, దాన్ని బిగువుగా ఉంచేది కూడా ఆయిల్ ఒత్తిడే గనుక నష్టం టర్బోతో ఆగదు. మాన్యువల్‌లో రాసిన గ్రేడునే పోసి, 10,000 కోసం ఎదురుచూడకుండా 7,000 దగ్గరే మార్చడం పాత బండికి నేను పాటిస్తున్న పద్ధతి. పట్టేది మూడు లీటర్ల పైచిలుకే కాబట్టి పెద్ద భారమేమీ కాదు. ఇక కిరోసిన్‌తో కడిగించడం ఎవరు చెప్పినా చేయకూడనిది. ఏళ్ళుగా గోడలకు అంటుకుని ఉన్న మడ్డి పెచ్చులుగా ఊడి జల్లెడకు అడ్డం పడుతుంది, అడుగున మిగిలిన కిరోసిన్ కొత్త ఆయిల్‌ను పలుచన చేస్తుంది.

పదేళ్ళ గడువు గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. పదేళ్ళ డీజిల్ బండ్ల మీద ఆంక్ష 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఢిల్లీ రాజధాని ప్రాంతానికి ఇచ్చిన ఆదేశం నుంచి వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, ఆ తరువాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్ళ చొప్పున పొడిగిస్తారు.

ఇంట్లో చేయగలిగింది లేదన్న మాటకు పైన చెప్పిన పనులే జవాబు. చేయకూడనివి కూడా ఉన్నాయి. ఇంజెక్టర్లకు పోయే ఇనుప పైపుల్లో డీజిల్ వెయ్యి బార్‌కు మించిన ఒత్తిడితో ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా వాటి నట్టు వదులు చేస్తే ఆ ధార చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి దిగుతుంది. అది గాయంలా కనబడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన ప్రమాదం. ఒట్టి జాకీ మీద లేపిన బండి కిందికి దూరడం కూడా అలాంటిదే.

ఇన్ని భయాలు పెట్టిన సందేశం నిజంగా భయపడవలసిన ఒక్క సంగతినీ వదిలేసింది. టర్బో పూర్తిగా పగిలి ఆయిల్ నేరుగా ఇంజన్‌లోకి పోతుంటే, డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా కాలుస్తూ తనంతట తాను రేజ్ అవుతుంది. తాళం తీసినా ఆగదు. వెనక తెల్లగా, నీలంగా దట్టమైన పొగ కమ్ముకుంటుంది. చేత్తో గేరు మార్చే బండి అయితే రోడ్డు పక్కకు తీసి ఆపి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, అన్నిటికన్నా పై గేరు వేసి క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఇంజన్ బరువు లాగలేక ఆగిపోతుంది. అలా ఆగకపోతే బానెట్ జోలికి పోకుండా అందరినీ దించి దూరంగా నిలబడాలి. ఆగినదాన్ని మాత్రం, ‘ఇప్పుడెలా ఉందో చూద్దాం’ అని మళ్ళీ స్టార్ట్ చేయకుండా, మరో బండికి తాడు కట్టి షెడ్డుకు చేర్చాలి.