అంతరిక్ష లిఫ్టు తాడు గారికి

మహారాజశ్రీ తాడు గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. రాకెట్ లేకుండా నేల నుంచి అంతరిక్షానికి లిఫ్టు పాకేందుకు పైనుంచి వేలాడాల్సిన తాడు మీరు. మీ క్షేమం అడగాలంటే ముందు మీరు ఉండాలి కాబట్టి ఆ వాక్యం దాటేస్తున్నాను.

మీ తరఫు వాళ్లెవరూ ఖాళీగా కూర్చోలేదు. 1895లో రష్యన్ శాస్త్రవేత్త సియోల్కోవ్‌స్కీ ఐఫిల్ టవర్‌ను తలుచుకుని ఆకాశాన్నంటే గోపురం ఊహించారు. 1960లో రష్యన్ ఇంజినీరు యూరి అర్త్సుతానోవ్ ఆ బొమ్మను తిరగేశారు: కింది నుంచి కట్టే శ్రమెందుకు, 35,786 కిలోమీటర్ల ఎత్తున భూమితో సమంగా తిరిగే కక్ష్య నుంచి కిందికి వేలాడదీస్తే పోలా అని. 1975లో అమెరికన్ ఇంజినీరు జెరోమ్ పియర్సన్ మీకు కొలతలు తీశారు. బరువంతా ఆ కక్ష్య దగ్గరే పడుతుంది కాబట్టి అక్కడ లావు, కొసల్లో సన్నం. 2012లో జపాన్ నిర్మాణ సంస్థ ఒబయాషి 2050కల్లా, కింది భాగానికి సరితూగేలా ఆ కక్ష్యను దాటి ఇంకా పైకి సాగే 96,000 కిలోమీటర్ల తాడు సిద్ధం చేస్తామంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అన్నారా! మీ సోమలింగానికి పెళ్లి ముహూర్తం కూడా పెట్టేశారు.

పోటీల సంగతి మరీ ముచ్చట. నాసా రెండు రకాలు పెట్టింది. లేజర్ కాంతితో కరెంటు అందుకుంటూ పైకి పాకే యంత్రానికి ఒకటి, మీలాంటి గట్టి తాడుకు ఒకటి. 2009లో పాకే యంత్రం 9 లక్షల డాలర్లు కొట్టేసింది. అది పాకింది హెలికాప్టర్‌కు కట్టిన తీగ మీద. తాడు బహుమతి మాత్రం చివరిదాకా ఎవరికీ దక్కలేదు. లిఫ్టు పాసైంది, తాడు ఫెయిల్.

తప్పంతా మీదే అనను. మిమ్మల్ని మీరే మోసుకోవాలి, అదీ చిక్కు. మంచి ఉక్కు తీగ కూడా కొన్ని పదుల కిలోమీటర్లు వేలాడేసరికి తన బరువుకే తెగుతుంది. బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాల్లో వాడే కెవ్లార్ దారం అయితే 250 కిలోమీటర్ల దాకా ఓర్చుకుంటుంది. మీరు అంతటా ఒకే లావుతో నిలవాలంటే, పైకి పోయేకొద్దీ బరువు తగ్గినా, దాదాపు 5,000 కిలోమీటర్ల ఓర్పు కావాలి. 1991 తర్వాత కార్బన్ నానోట్యూబుల (కార్బన్ పరమాణువులతో అల్లిన అతి సన్నని గొట్టాల) మీద అందరికీ ఆశ పుట్టింది. 2013లో చైనా శాస్త్రవేత్తలు ఒక నానోట్యూబును అర మీటరు పొడవు పెంచారు. చిన్న విజయమేం కాదు. భూమితో సమంగా తిరిగే ఆ కక్ష్య దాకా ఇంకా 35,785 కిలోమీటర్ల 999 మీటర్ల 50 సెంటీమీటర్లే మిగిలింది. పైగా ఒక్క పరమాణువు చోటు తప్పినా బలం సగానికి పైగా పోతుందట. వెంట్రుకతో కొండను లాగుతున్నామని తెలుసు. ఇక్కడ వెంట్రుకే ఇంకా మొలవలేదు.

సరే, మీరు వచ్చారే అనుకుందాం. ఒబయాషి లెక్కలో లిఫ్టులో 30 మంది, వేగం గంటకు 200 కిలోమీటర్లు. ఆ కక్ష్యకు వారం పైనే పడుతుంది. నాలుగో అంతస్తు దాకా పక్కవాడి మొహం చూడలేక అంకెలకేసి చూసే జాతి మాది; వారం రోజులు ఏ అంకెలు చూడమంటారు? రాకెట్లు గంటల్లో దాటేసే వాన్ అలెన్ రేడియేషన్ పట్టీల్లో (భూమి చుట్టూ హానికర కణాలు నిండిన వలయాల్లో) మీరు మమ్మల్ని రోజుల తరబడి ఊరేగిస్తారు. పోనీ మధ్యలో, 400 కిలోమీటర్ల దగ్గర దిగిపోదామా అంటే, అక్కడి అంతరిక్ష కేంద్రం గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. మీతో పాటు తిరిగే మాకు అందులో పదో వంతైనా ఉండదు. తలుపు తెరుచుకుంటే నేరుగా కిందికే.

ఇంకో మాట, ఇది కాస్త ఇరుగుపొరుగు తగాదా. భూమి చుట్టూ తిరిగే ప్రతి వస్తువూ భూమధ్యరేఖ తలాన్ని దాటాల్సిందే, మీరు సరిగ్గా అక్కడే నిలువునా బైఠాయిస్తారు. పనిచేసే ఉపగ్రహాలకు చెప్పి పక్కకు తప్పించవచ్చు. పగిలిన రాకెట్ ముక్కకు ఎవరు చెప్తారు?

అందుకే ఒక మనవి. ముందు చంద్రుడి మీద ఉద్యోగంలో చేరండి. అక్కడ గురుత్వాకర్షణ ఆరో వంతే, ఇప్పుడు బజార్లో దొరికే గట్టి దారాలతోనే నెట్టుకురావచ్చని లెక్కలున్నాయి. అనుభవం సంపాదించాక ఇటు బదిలీ పెట్టుకోవచ్చు. మిమ్మల్ని అక్కడికి రాకెట్లోనే పంపాలి, మొహమాటపడకండి, టికెట్ మాదే.

ఇట్లు,
గ్రౌండ్ ఫ్లోర్లో బటన్ నొక్కి నిలబడ్డవాడు