గోల్ ముందు ఆగిపోయిన బస్సు గారికి

మహారాజశ్రీ బస్సు గారికి,

హైదరాబాదు నుంచి నిద్ర చాలని ఒక ఫుట్‌బాల్ పిచ్చోడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఉభయ అంటే మీ రెండు వరసలే లెండి: ముందు నలుగురు, వెనక అయిదుగురు. మా కుశలం ఏం చెప్పమంటారు? నిన్న రాత్రి ఒంటిగంటన్నరకు అలారం పెట్టుకుని లేచాను. ఇంట్లోవాళ్ళు లేస్తారని టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించాను. తొంభై నిమిషాలూ మిమ్మల్నే చూశాను. మీరు కదల్లేదు, స్కోరూ కదల్లేదు. నాకు మాత్రం మెడ పట్టేసింది.

ఇది బహిరంగ లేఖ కాబట్టి, మిమ్మల్ని ఎరగనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. ఎదుటి జట్టు మనకన్నా గట్టిదని తెలిసినప్పుడు కొందరు బంతిని వాళ్ళకే వదిలేస్తారు. దాదాపు జట్టు మొత్తాన్నీ తమ పెనాల్టీ బాక్సు దగ్గరికి లాక్కొచ్చి, గోల్ ముందు రెండు వరసలు కట్టిస్తారు. కోచ్‌లు దీన్ని లో బ్లాక్ అంటారు. జనం బస్సు అంటారు. 2004 సెప్టెంబరులో చెల్సీ కోచ్ హోసె మొరీన్యో, టాటెన్‌హామ్‌తో 0-0తో ముగిశాక, వీళ్ళు బస్సు తెచ్చి గోల్ ముందు పెట్టేశారని వాపోయాడు. మా పోర్చుగల్లో ఇలాగే అంటాం అని కూడా చెప్పాడు. అప్పట్నుంచి మీకా పేరు ఖాయమైంది.

కోడలిగా ఏడ్చినావిడే అత్తయ్యాక ఏం చేస్తుందో మనకు తెలియంది కాదు. 2010 ఏప్రిల్‌లో అదే మొరీన్యో ఇంటర్ మిలాన్‌ని తీసుకుని ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్‌కు బార్సిలోనా వెళ్ళాడు. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపే లెక్క, మొదటి మ్యాచ్‌లో గెలిచిన 3-1 ఆధిక్యం చేతిలో ఉంది. 28వ నిమిషంలోనే తియాగో మొత్తాకు రెడ్ కార్డు. మిగిలిన పదిమందితో మిమ్మల్ని అడ్డంగా పెట్టేశాడు. సామ్యూల్ ఎటో అంతటి స్ట్రైకర్, పక్కలు కాసే డిఫెండర్ ఫుల్‌బ్యాక్‌లా వెనక్కి పరిగెత్తుతుంటే, కలెక్టరు గారు గేటు దగ్గర టోకెన్లు ఇస్తున్నట్టనిపించింది. 84వ నిమిషంలో బార్సిలోనా ఆటగాడు పికే గోల్ కొట్టాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. మ్యాచ్ అయ్యాక మొరీన్యో మైదానంలో సంబరం చేసుకుంటుంటే గడ్డికి నీళ్ళు చల్లే స్ప్రింక్లర్లు విప్పారు. ఓడినవాళ్ళు పెట్టించిన వాటర్ సర్వీసింగ్ అనుకోండి మీకది.

సరే, అసలు సంగతికొస్తాను. నా కోపం మీమీద అనుకుంటున్నారేమో. కొంత ఉంది, అబద్ధమెందుకు. ఎక్కువ కోపం మాత్రం మీ చుట్టూ ప్రదక్షిణలు చేసేవాళ్ళ మీద. రైట్ బ్యాక్ నుంచి సెంటర్ బ్యాక్‌కు, అక్కడినుంచి ఇంకో సెంటర్ బ్యాక్‌కు, లెఫ్ట్ బ్యాక్‌కు, మళ్ళీ అదే దారిలో వెనక్కి. పైనుంచి చూస్తే గుర్రపు నాడా ఆకారం. మధ్యలో మీరు హాయిగా కునుకు తీస్తుంటారు. కామెంటేటరేమో ‘ఓపికగా ఆడుతున్నారు’ అంటాడు. ఓపిక వాళ్ళది కాదు, మాది.

ఈ ప్రదక్షిణల్లో స్పెయిన్‌ని మించినవాళ్ళు లేరు. 2018 ప్రపంచకప్‌లో మాస్కోలో రష్యా మీద వెయ్యికి పైగా పాస్‌లు ఇచ్చుకున్నారు. 1-1. పెనాల్టీల్లో రష్యా గోల్‌కీపర్ అకిన్‌ఫీవ్ కాలు అడ్డం పెట్టాడు, ఇంటికెళ్ళారు. 2022లో ఖతార్‌లో మొరాకో మీద మళ్ళీ వెయ్యి దాటాయి. 120 నిమిషాలు, 0-0. ఆ టోర్నీకి వచ్చేలోపు ఒక్కొక్కరూ కనీసం వెయ్యి పెనాల్టీలు కొట్టి ప్రాక్టీసు చెయ్యాలని కోచ్ లూయిస్ ఎన్రికే ముందే హోంవర్కు ఇచ్చాడు. మొరాకో మీద మూడు పెనాల్టీలు కొట్టారు. ఒకటి పోస్టుకు తగిలింది, రెండు మొరాకో గోల్‌కీపర్ యాసిన్ బూనూ ఆపేశాడు. లక్ష తులసి దళాల పూజ చేసి నైవేద్యం పెట్టడం మర్చిపోయినట్టు.

ఇంతకీ మిమ్మల్ని ఎక్కడం ఎలా? దీనికి లైసెన్సున్న కోచే అక్కర్లేదు, సంక్రాంతి ముందురోజు బస్టాండులో నిలబడ్డ ఎవర్నడిగినా చెబుతారు. నాకు పదేళ్ళప్పుడు ఊరెళ్ళే బస్సు ప్లాట్‌ఫామ్ మీదికి ఇంకా పూర్తిగా రాకముందే ముందు డోరు దగ్గర యాభైమంది. ‘నెట్టకండి’ అంటూ అందరూ నెడుతున్నారు. మా నాయనమ్మ ఆ డోరువైపు చూడను కూడా లేదు. నన్ను చంకల కింద పట్టి ఎత్తి, వెనకనుంచి మూడో కిటికీలోంచి లోపలికి తోసింది. నా చేతిలో నీలం కర్చీఫు. పడీ పడగానే పక్క సీటు మీద పరిచేశాను. డోరు దగ్గరున్న పెద్దమనుషులు మేం వేరుశెనక్కాయలు ఒలుచుకుంటుండగా ఎక్కారు.

బస్సు గారూ, ఫుట్‌బాల్లో ఆ వెనక కిటికీ పేరు కట్‌బ్యాక్. మధ్యలోంచి వస్తే మీవాళ్ళు ఎనిమిదిమంది బంతికి ఎదురుగా ఉంటారు, అది మీకు పండగ. అదే పక్క అంచుల్లో ఆడే ఒక వింగరో ఫుల్‌బ్యాకో పక్కనుంచి గోల్ లైను దాకా దూసుకెళ్ళాడనుకోండి, మీ డిఫెండర్లంతా సొంత గోల్ వైపు మొహం పెట్టి పరిగెత్తాలి. కళ్ళు బంతి మీదుంటే వీపు వెనక మనిషి కనపడడు, మనిషిని చూస్తే బంతి కనపడదు. సరిగ్గా అప్పుడు వాడు బంతిని గోల్ ముందుకు కాకుండా వెనక్కి, బాక్సు అంచుకు తోస్తాడు. మీరంతా గోల్ లైను దాకా వెళ్ళిపోయారు కాబట్టి అక్కడ ఎవరూ ఉండరు. కర్చీఫు పడినట్టే.

మీ తాతగారికి జరిగింది సరిగ్గా ఇదే. మీకన్నా ముందు తరం కాపలా పద్ధతి ఆయన, పేరు కతెనాచో, అంటే ఇటలీ భాషలో తలుపు గడియ. 1960లలో కోచ్ హెలెనియో హెర్రేరా చేతిలోని ఇంటర్ మిలాన్ ఆ గడియ వేసుకునే 1964, 1965 యూరోపియన్ కప్పులు కొట్టింది. 1967 మే 25న లిస్బన్‌లో ఫైనల్. ఎదురుగా గ్లాస్గో నుంచి సెల్టిక్, మొత్తం ఆ ఊరి చుట్టుపక్కల పుట్టిన కుర్రాళ్ళే. 7వ నిమిషంలో సెల్టిక్ రైట్ బ్యాక్ జిమ్ క్రెయిగ్ బాక్సులో తప్పు చేశాడు, ఇంటర్ ఆటగాడు మజోలా పెనాల్టీ కొట్టాడు, గడియ పడింది. సెల్టిక్ షాట్ల మీద షాట్లు కొట్టారు, రెండుసార్లు క్రాస్‌బార్‌కు తగిలింది. 63వ నిమిషంలో అదే క్రెయిగ్ కుడివైపు ముందుకొచ్చి, బంతిని బాక్సు బయటికి అడ్డంగా తోశాడు. ఎవరికి? లెఫ్ట్ బ్యాక్ టామీ జెమెల్‌కు! ఒక ఫుల్‌బ్యాక్ ఇస్తే ఇంకో ఫుల్‌బ్యాక్ కొట్టాడు. స్ట్రైకర్లను కాపలా కాయడానికి పెట్టుకున్న గడియకు, వెనకనుంచి వచ్చేవాళ్ళ పేర్లు తెలియవు మరి. 84వ నిమిషంలో చామర్స్ రెండోది. 2-1. మీ తాతగారి పరువు ఆ సాయంత్రమే సగం పోయింది.

యాభయ్యారేళ్ళ తర్వాత, 2023 జూన్‌లో, ఇస్తాంబుల్‌లో అదే కప్పు ఫైనల్. మళ్ళీ ఇంటరే, ఎదురుగా మాంచెస్టర్ సిటీ. 68వ నిమిషంలో బెర్నార్దో సిల్వా గోల్ లైను దగ్గర్నుంచి వెనక్కి తోశాడు, బంతి ఒకరికి తగిలి బాక్సు మధ్యకు దొర్లింది, వెనకనుంచి వచ్చిన రోద్రి లాగి కొట్టాడు. 1-0. ఇన్నేళ్ళలో మీరు ఏసీ పెట్టించుకున్నారు, పుష్‌బ్యాక్ సీట్లు వేయించుకున్నారు, ఆ వెనక కిటికీ మాత్రం మూయించలేదు.

మిగతా కిటుకులు కూడా మనకు కొత్తవేం కావు. చెడుగుడు ఆడినవాడెవడైనా ఒక మూలకు కూతపెట్టుకుంటూ వెళ్ళి, గొలుసు మొత్తాన్ని అటు లాగి, ఒక్కసారిగా రెండో మూల మీద పడతాడు. కుడిపక్క నలుగురు చేరి అయిదారు పాస్‌లు ఆడి మిమ్మల్ని అటు జరిపి, ఎడమపక్క ఒంటరిగా ఉన్న వింగర్‌కు పొడుగు పాస్ వెయ్యడం అదే. బంతి గాల్లో ప్రయాణించేంత సేపట్లో మీ రెండు వరసలూ జరగలేవు, మీది పవర్ స్టీరింగ్ కాదు. ఇంకొంతమంది పొమ్మనలేక పొగబెడతారు: బంతిని కావాలని తమ గోల్ దాకా వెనక్కి తీసుకెళ్ళి, మీరు ఆశపడి నాలుగడుగులు ముందుకొచ్చేదాకా ఊరిస్తారు. వచ్చారా, మీ వీపు వెనక జాగా దొరికినట్టే. కార్నర్ల సంగతి సరేసరి, 2004 యూరో ఫైనల్లో గ్రీస్ బస్సు దిగి గోల్ కొట్టొచ్చింది కార్నర్‌కే కదా, హరిస్తేయాస్ తలతో. ఆ టోర్నీ నాకౌట్ దశలో మూడు మ్యాచ్‌లూ 1-0. మీ వంశంలో స్వర్ణయుగం అది. ఆ నెల నిద్రంతా నాకు ఇంకా బాకీ ఉంది.

స్పెయిన్‌వాళ్ళు కూడా చివరికి దారికొచ్చారు. 2024 యూరోలో జార్జియా మిమ్మల్ని తెచ్చింది. పైగా 18వ నిమిషంలో స్పెయిన్ డిఫెండరే సొంత గోల్లో వేసుకున్నాడు. అయిపోయింది, ఇక వెయ్యి పాస్‌లు లెక్కపెట్టుకోవాలి అనుకున్నాను. ఈసారి మాత్రం రెండు పక్కలా నికో విలియమ్స్, పదహారేళ్ళ లామిన్ యమాల్. బంతి అందగానే వెనక్కి ఇవ్వడం కాదు, ఎదుటివాడి మీదికే వెళ్తారు. 39వ నిమిషంలో నికో బాక్సు అంచుకు ఇచ్చాడు, అక్కడ మళ్ళీ రోద్రి. ఆ మనిషికి మీ వెనక డోరు తాళంచెవి ఎవరిచ్చారో విచారించుకోండి. 4-1తో ముగిసింది, కప్పు కూడా వాళ్ళే పట్టుకెళ్ళారు.

ఇన్ని పథకాలు చెప్పినా, ఒక్కోసారి ఇవేవీ లేకుండా కూడా మీ అద్దం పగులుతుంది. 2019 మే 6, మాంచెస్టర్. లీగ్ టైటిల్ కోసం సిటీ, లివర్‌పూల్ పోటాపోటీగా ఉన్నాయి. ఎదురుగా లెస్టర్ గట్టిగా కాసుకుంది. మాకు అర్ధరాత్రి దాటిన వేళ. నేనూ మా బావమరిదీ ఒకే దుప్పటి కప్పుకుని, మరమరాల గిన్నె మధ్యలో పెట్టుకుని చూస్తున్నాం. 70వ నిమిషం. బంతి కెప్టెన్ విన్సెంట్ కొంపనీ దగ్గరుంది. సెంటర్ బ్యాక్, ముప్పై మూడేళ్ళు, దూరంనుంచి గోల్ కొట్టిన చరిత్ర లేదు. లెస్టర్‌వాళ్ళు ఒక్కడు కూడా వాడి మీదికి రాలేదు, కొడితే కొట్టుకోనీ అన్నట్టు. ‘ఒరేయ్ కొట్టకురా, పక్కకియ్యరా’ అని మా బావమరిది టీవీకేసి చెప్పాడు. సొంత జట్టువాళ్ళు కూడా కొట్టొద్దని అరుస్తున్నారని కొంపనీయే తర్వాత చెప్పాడు. సిటీ కోచ్ గార్డియోలా కూడా మనసులో వద్దనే అనుకున్నాడట. వాడు కొట్టాడు. బంతి పైమూలలోకి వెళ్ళింది. గిన్నె ఎగిరింది. మరుసటి వారం దాకా సోఫా సందుల్లో మరమరాలు దొరుకుతూనే ఉన్నాయి. ఆ ఏడు సిటీకి 98 పాయింట్లు, లివర్‌పూల్‌కు 97.

నాకు ఆరోజు అర్థమైందేంటంటే, మీరు కిటికీలన్నీ మూసుకున్నది పేరున్నవాళ్ళను చూసుకుని. పేరు లేనివాడు రాయి విసిరితే ఏం చెయ్యాలో మీ డ్రైవరుకు ఎవరూ చెప్పలేదు.

ఒక్క చిన్న ఫిర్యాదు చేసి ముగిస్తాను. మీ గోల్‌కీపర్ బంతి పట్టుకున్నాక దాన్ని పసిబిడ్డలా పొదువుకుని పడుకోవడం, లేచాక పిక్క పట్టేయడం, ఆ పిక్క గోల్ పడగానే నయమైపోవడం. ఇంతకుముందు ఆరు సెకన్ల రూలుండేది, ఏ రిఫరీ లెక్కపెట్టేవాడు కాదు. 2025-26 సీజన్ నుంచి ఎనిమిది సెకన్లు దాటితే ఎదుటివాళ్ళకు కార్నర్. ఇన్నాళ్ళకు మీకూ పార్కింగ్ ఛార్జీ పడింది.

ఇట్లు,
మీ వల్ల ఆఫీసులో కునికిపాట్లు పడే
ఒక ప్రేక్షకుడు

తా.క.: ఈ ఉత్తరం చదివి మీరు నొచ్చుకుని డిపోకి వెళ్ళిపోతారేమోనని భయమేసి ఈ నాలుగు ముక్కలు. 2019 సెప్టెంబరు 10 రాత్రి దోహాలో మన ఇండియా ఆడింది గుర్తుందా? ఎదురుగా ఆసియా ఛాంపియన్ ఖతార్. అయిదు రోజుల ముందే గువాహటిలో ఒమన్ చేతిలో చివర్లో రెండు గోల్స్ తిని 1-2తో ఓడాం. మన కెప్టెన్ ఛెత్రికి జ్వరం, ఆడలేదు. ఆరోజు మీరు వచ్చారు. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ గోల్ ముందు గోడలా నిలబడ్డాడు, మనవాళ్ళు బంతి దొరికితే చాలు బయటికి తన్నారు. 0-0. ఆ రాత్రి ప్రదక్షిణలు చేస్తున్నది ఖతార్‌వాళ్ళు, ‘ఎంత ఓపికగా కాస్తున్నారో చూడు’ అన్నది నేను. చివరి పది నిమిషాలు మా ఇంట్లో అందరం లేచి నిలబడే ఉన్నాం, సౌండ్ ఫుల్లుగా పెట్టుకుని.

కాబట్టి ఈసారి మనవాళ్ళు గల్ఫ్‌కి వెళ్ళినప్పుడు పైన రాసిందంతా చించేసి, తిన్నగా వచ్చెయ్యండి. డీజిల్ ఖర్చు నేనిస్తాను. ఆ వెనక కిటికీ ఒక్కటి మాత్రం మూయించుకుని రండి.