మందుకు తేదీ ఉంది.. సాయానికి లేదు!

ముందు ఖర్చు పెట్టుకుని బిల్లులు తెండి, చూస్తామంటుంది ఒక నిధి. ఖర్చు పెట్టేశారు కదా, ఆ సొమ్ము ఇవ్వడం కుదరదంటుంది ఇంకో నిధి. ఈ రెండు మాటల నడుమ ముప్పై ఏళ్ల భర్త, అంతకన్నా చిన్నదైన భార్య, ఇంకా బడి మొహం చూడని బిడ్డ నలిగిపోతున్నారు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ముదిరి ఊపిరితిత్తులకో కాలేయానికో పాకిన మనిషికి, ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొలిపే ఇమ్యునోథెరపీ మందు సాధారణంగా 21 రోజులకోసారి ఎక్కించాలి. అది డాక్టరు రాసిన తేదీ, దాటకూడని తేదీ. ఆదుకుంటామన్న కార్యాలయాలకు మాత్రం తేదీ అనేదే లేదు. పలమనేరు నుంచి వచ్చినా, పుత్తూరు నుంచి వచ్చినా, తిరుపతి క్యాన్సర్ వార్డుల ముందు కూర్చున్న చిన్న కుటుంబాల గోడు ఇదే.

మెలనోమా తెల్లవాళ్ల జబ్బన్న అపోహ మనకు చాలా చేటు చేసింది. మనవాళ్లలో ఈ చర్మ క్యాన్సర్ తరచుగా కనిపించేది ఎండ తగలని చోట్లే: అరికాలు, అరచెయ్యి, గోరు కింద. అరికాలి నల్లమచ్చను ఆనెకాయ అనుకుని మందుల షాపులో యాసిడ్ పట్టీ కొని అంటిస్తారు, బ్లేడుతో చెక్కుకుంటారు. చెప్పుల్లేకుండా అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కే ఊళ్లో అరికాలి పుండును ఎవరు అనుమానిస్తారు? అయినా తేడా కంటికి కనిపిస్తుంది. దెబ్బకు కమిలిన నలుపు గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగిపోతుంది. గోటి మీది నల్లచార అలాగే నిలిచి, వెడల్పవుతూ, గోరు మొదట్లోని చర్మానికి కూడా పాకుతుంటే అది దెబ్బ కాదు. నెల తిరిగినా మానని అరికాలి పుండు, రంగులు కలగలిసి అంచులు చెదిరిన మచ్చ కూడా అంతే. చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాల్సిందే.

అక్కడా ఒక పొరపాటు పొంచి ఉంటుంది. చిన్న క్లినిక్కులో మచ్చను కాల్చేస్తారు, లేదా పైపైన చెక్కి ఆ ముక్కను చెత్తబుట్టలో వేస్తారు. కణితి చర్మంలోకి ఎన్ని మిల్లీమీటర్ల లోతు దిగిందన్న కొలతను బట్టే ఎంత మేర కోయాలో, గజ్జల్లోని లింఫ్ గ్రంథిని పరీక్షించాలో లేదో తేలుతుంది. కాల్చేశాక కొలవడానికి ఏముంటుంది? అనుమానపు మచ్చను చుట్టూ ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల మంచి చర్మంతో, కింద కొవ్వు పొర దాకా తీసి, పాడవకుండా ఫార్మలిన్‌లో వేసి పాథాలజీ ల్యాబుకు పంపాలి. మచ్చ పెద్దదైతే బాగా మందమెక్కిన చోట లోతుగా ముక్క తీయాలి. ఆ ముక్కతో చేసిన పారాఫిన్ బ్లాకును (మైనపు దిమ్మను) కుటుంబం అడిగి తీసుకుని భద్రపరుచుకోవాలి. ఏ మందు పనిచేయవచ్చో చెప్పే బీఆర్ఏఎఫ్, కిట్ జన్యు పరీక్షలు దాని మీదే చేస్తారు. అది పోగొట్టుకుంటే మళ్లీ బయాప్సీ, మళ్లీ ఎదురుచూపులు.

నాలుగో దశ అంటే ఒకప్పుడు డకార్బజీన్ అనే కీమో మందు ఎక్కించి నెలలు లెక్కపెట్టడమే. 2011లో ఇపిలిముమాబ్, 2014లో పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందులు అమెరికాలో అనుమతి పొందాక ఆ లెక్క మారింది. ఈ మందుల వెనకున్న పరిశోధనకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి ఇచ్చిన పెద్ద అధ్యయనంలో పదేళ్ల తర్వాత 43 శాతం మంది బతికే ఉన్నారు. అరికాలి రకానికి ఈ మందులు అంత బాగా పనిచేయవన్నదీ నిజమే, కుటుంబానికి ఆ మాట దాచకుండా చెప్పాలి. అయినా నిన్నటిదాకా తలుపే లేని గోడకు ఇవాళ ఒక తలుపుంది. డబ్బు ఆలస్యమైందని ఆ తలుపు మూయడానికి ఎవరికి హక్కుంది?

పెంబ్రోలిజుమాబ్ మోతాదు 200 మిల్లీగ్రాములు. అంటే 100 మిల్లీగ్రాముల సీసాలు రెండు. 2023 ఏప్రిల్ నుంచి దీనిపై కేంద్రం కస్టమ్స్ సుంకం ఎత్తేసినా ఒక్కో విడత ఖర్చు ఆటో నడిపే ఇంటికి, కూలికి పోయే ఇంటికి అందే ఎత్తులో లేదు. మొదటి విడతకు పుస్తెలతాడు పోతుంది, రెండో విడతకు ఊళ్లో అరెకరం. మూడో విడతకు చేతిలో డబ్బుండదు, ఫైలు ఉంటుంది. చేతులు ఖాళీ అయిన ఇల్లు ముందుగా మానేసేది రక్తపరీక్షలు. విడత విడతకూ థైరాయిడ్, కాలేయం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసుకోవాల్సిందే. రోజూ అయ్యేదానికన్నా నాలుగుసార్లు ఎక్కువ విరేచనాలైతే ఏదో తిన్నది పడలేదనుకుని ఆర్ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుంటారు. అది మందు వల్ల వచ్చిన పేగు వాపు కావచ్చు, అయితే స్టెరాయిడ్ మొదలుపెట్టాలి. ఆలస్యం ప్రాణం మీదికి తేవచ్చు.

తిరుపతిలో దయకు కరవు లేదు. స్విమ్స్‌లో పేదల వైద్యానికి శ్రీబాలాజీ ఆరోగ్య వరప్రసాదిని పథకం ఉంది, టీటీడీకి ప్రాణదాన ట్రస్టు ఉంది. టీటీడీ ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్ట్స్ కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022 మేలో తెరుచుకుంది. ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది, ప్రధాని సహాయ నిధి ఉంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేరిన నిరుపేదలకు రాష్ట్రీయ ఆరోగ్య నిధి ఉంది. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. ఇన్ని ఉన్నా ఇరవై ఒకటో రోజున మందు అందడం లేదంటే లోపం దాతల్లో లేదు, దారిలో ఉంది.

ఆ దారి ఎలా ఉందో చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ఆసుపత్రి చీటీలో వెనకుంటుంది. ఫైలు వెనక్కి. అంచనా పత్రం మీద డాక్టరు సంతకం ఉంది, సీలు లేదు. ఫైలు వెనక్కి. ఆదాయ ధ్రువపత్రం పాతది. ఫైలు వెనక్కి. వేలూరు ఆసుపత్రిలో రోగికి ఒక నంబరు, చెన్నైలో ఒక నంబరు, తిరుపతిలో ఒక నంబరు. మూడూ ఒకే మనిషివని నిరూపించాల్సింది చంకలో బిడ్డతో నిలబడ్డ ఆ తల్లే.

దాతల సొమ్ముకు, ప్రజాధనానికి పరిశీలన ఉండాలన్న వాదన సబబే, నకిలీ బిల్లులతో కాజేసిన ఘనులూ ఉన్నారు. కానీ బయాప్సీ రిపోర్టు, స్కాన్, ఆసుపత్రి అంచనా కళ్లెదుట ఉన్నాక పరిశీలనకు 21 రోజులు చాలవా? చాలవంటే అది పరిశీలన కాదు, నిర్లక్ష్యం. మందు కంపెనీ 21 రోజుల్లో సీసా పంపగలదు. నర్సు 21 రోజులకు సరిగ్గా సూది పెట్టగలదు. ఫైలు ఒక బల్ల మీది నుంచి పక్క బల్ల మీదికి వెళ్లడానికి మాత్రం ఆ గడువు చాలదట!

ఖర్చు భరిస్తామని ఆసుపత్రికి ముందే హామీ పత్రం (ఎల్‌ఓసీ) ఇచ్చి మంజూరైన సొమ్మును నేరుగా ఆసుపత్రికే చేర్చే పద్ధతి కొత్తగా కనిపెట్టాల్సింది కాదు, ఇప్పటికే ఉంది. విడతల వారీగా సాగే క్యాన్సర్ చికిత్సలకు దాన్నే నియమం చేయాలి, ఖర్చు పెట్టాక తిరిగిచ్చే రీయింబర్స్‌మెంట్‌ను మినహాయింపుగా ఉంచాలి. ఒక చోట సరిచూసిన పత్రాలను అన్ని నిధులూ ఒప్పుకోవాలి. ప్రతి క్యాన్సర్ విభాగంలో ఈ పని ఒక్కటే చూసే సామాజిక కార్యకర్త ఒకరుండాలి. అది జరిగేదాకా కుటుంబాలు చేయగలిగింది ఒకటుంది: మొదటి బిల్లు కట్టకముందే ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద మందు పేరు, మోతాదు, ఎన్ని విడతలు, విడతకెంత అన్నవి రాయించి సంతకం, సీలు రెండూ వేయించుకోవాలి. పథకం డెస్కులో ఆ మందు ప్యాకేజీలో ఉందో లేదో రాతపూర్వకంగా అడగాలి. ఖర్చు పెట్టాక అడిగితే కొన్ని తలుపులు శాశ్వతంగా మూసుకుపోతాయి.

ఇక ప్రజాప్రతినిధులకు ఒక మాట. మంజూరైన చెక్కులను పంపిణీ సభ పెట్టేదాకా, ఫొటోగ్రాఫరు దొరికేదాకా బీరువాలో ఉంచే అలవాటు మానండి. రోగి పేరు మీద వచ్చిన చెక్కు ఆయన పోయాక అందితే బ్యాంకు దాన్ని తీసుకోదు. వారసుల ధ్రువపత్రం తెమ్మంటుంది. పదకొండో రోజు కర్మ కాకముందే ఆ భార్య మళ్లీ తహసీల్దారు కార్యాలయం మెట్లెక్కాలి. మీ బీరువాల్లో ఇప్పుడు ఎన్ని చెక్కులున్నాయో ఈ రోజే తీసి చూడండి.