కూలెంట్ రంగునీళ్ళు కాదు, బోదెలో వదలకండి

వారంలో ఆ మెసేజ్ నాకు నాలుగుసార్లు వచ్చింది. అమలాపురం నుంచి మా మావయ్య పంపారు, రాజోలు నుంచి చిన్ననాటి స్నేహితుడు పంపాడు, మా వీధి గ్రూపులో రెండుసార్లు పడింది. "మెకానిక్‌కి డబ్బులు దండగ, రేడియేటర్ కూలెంట్ ఇంట్లోనే మార్చుకోండి" అని మొదలవుతుంది. కూలెంట్ అంటే కారు ఇంజన్ చల్లగా ఉండటానికి రేడియేటర్‌లో నీళ్ళతో కలిపి పోసేది. ఇంజన్ వేడిగా ఉండగా మూత తీస్తే త్వరగా కారిపోతుందట. పాతది ఉత్త రంగునీళ్ళేనట, కొబ్బరిచెట్టు మొదట్లోనో, పొలాలకి నీళ్ళు తెచ్చే చిన్నకాలువ, అదే బోదెలోనో వదిలేయొచ్చట. కూలెంట్ మంచు దేశాల సరుకట, మనకి బోరునీళ్ళు చాలట. ఏ రంగుదైనా దేంట్లోనైనా కలపొచ్చట. లోపలి తుప్పు పోవాలంటే కూల్‌డ్రింక్ పోసి కడగాలట.

ఇంట్లో మార్చుకోవడం తప్పేం కాదు. నేనూ మార్చుకుంటాను. నా బాధంతా ఆ చిట్కాలతోనే.

కూల్‌డ్రింక్‌లో ఉండేది పంచదార, ఆమ్లం. రేడియేటర్‌లో పోయకండి, అంతే. రంగు అంటారా, అది కంపెనీవాళ్ళు వేసే రంగు, దాన్నిబట్టి రకం తెలీదు. ఒకదానికొకటి పడనివి కలిస్తే తుప్పు ఆపే మందులు పనిచేయవు, ఒక్కోసారి జిగురుకట్టి సన్నటి గొట్టాలు పూడిపోతాయి. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏ రకం రాశారో అదే పోయండి.

వేడి మీద మూత తీయమన్నవాళ్ళని ఏమనాలో తెలీడం లేదు. కుక్కర్ కూత వేస్తుంటే మూత పట్టుకు లాగుతామా? లోపల ఒత్తిడి ఉండబట్టే 100 డిగ్రీలు దాటినా ఆ నీళ్ళు మరగకుండా ఉంటాయి. మూత వదులైన క్షణంలో ఒక్కసారిగా మరిగి మొహాన కొడతాయి. సాయంత్రం బండి ఆపేసి పొద్దున్నే తీయండి. చల్లారినా చక్కగానే కారుతుంది.

బోరునీళ్ళ దగ్గర రెండు మాటలు ఒప్పుకోవాలి. మా నాన్నగారి అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి కాలువనీళ్ళే పోశారు, బండి తిరిగింది. పైగా వేడిని మోయడంలో కూలెంట్ కలిపినవాటికన్నా ఉత్త నీళ్ళే మెరుగు, అదీ నిజమే. కానీ అది పోత ఇనుము ఇంజన్. ఇప్పటి బళ్ళలో ఇంజన్ హెడ్, రేడియేటర్ అల్యూమినియం, గొట్టాలు సన్నం. మీ బాత్రూంలో హీటర్ రాడ్డు తీసి చూడండి, బోరునీళ్ళకి తెల్లటి పెచ్చు ఎంత మందాన కట్టిందో. రేడియేటర్ లోపలా అదే కడుతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుబోర్లయితే పెచ్చుతో పాటు తుప్పు కూడా. కూలెంట్ మంచుకే కాదు, తుప్పు పట్టనివ్వదు, నీళ్ళని తొందరగా మరగనివ్వదు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో మనకి కావాల్సింది అదే కదా! చిక్కటి కూలెంట్ కొంటే డబ్బా మీద చెప్పిన పాళ్ళలో, మామూలుగా సగానికి సగం, డిస్టిల్డ్ వాటర్ కలపండి.

ఇక నిద్రపట్టనివ్వనిది ఆ రెండో చిట్కా, పాతది చెట్టు మొదట్లోనో బోదెలోనో వదిలేయమన్నది.

పోయిన నెల నేను మార్చినప్పుడు కింద పాత ప్లాస్టిక్ బేసిన్ పెట్టి ప్లగ్ విప్పాను. బురదరంగు తిరిగిన ఆకుపచ్చ ధార సన్నగా పడుతోంది. గుడ్డ కోసం లోపలికెళ్ళి వచ్చేసరికి మా వీధి కుక్క బేసిన్ అంచు మీద మూతి ఆనించి, అక్కడ చిందిన చుక్కల్ని నాకుతోంది. అదిలించి తరిమాను గానీ నా చేతులు వణికాయి. మూడురోజులు దాని వెనకాలే తిరిగి చూశాను. బతికింది.

మామూలుగా కూలెంట్లో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది, అందుకే నాకుతాయి. కడుపులోకి వెళ్ళాక కాలేయం దాన్ని ఆక్సాలిక్ ఆమ్లంగా మారుస్తుంది, అది కాల్షియంతో కలిసి మూత్రపిండాల్లో స్ఫటికాలు కడుతుంది. ముందు తాగినట్టు తూలుతుంది, తర్వాత కోలుకున్నట్టే కనిపిస్తుంది, ఆపైన మూత్రపిండాలు ఆగిపోతాయి. సుమారు 100 మిల్లీలీటర్లు, టీ గ్లాసుడు, పెద్ద మనిషి ప్రాణం తీయగలదు. చిన్న కారులోంచి దిగేది నాలుగైదు లీటర్లు. దాన్ని చెట్టు మొదట్లో మడుగు కట్టమంటారా? పిల్లలు ఆడుకునేచోటా?

నిండుగా పారే కాలువలో అది పలచనైపోతుంది, కొన్నాళ్ళకి సూక్ష్మజీవులు తినేస్తాయి కూడా. దాచను. కానీ తినేటప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ లాగేస్తాయి. తెల్లారుజామున చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ ఆగితే ఏమవుతుందో రొయ్యల చెరువులవాళ్ళకి నేను చెప్పాలా? పాత కూలెంట్‌లో రేడియేటర్ నుంచి అరిగిన లోహాలూ ఉంటాయి, వాటిని ఏ సూక్ష్మజీవీ తినదు. పైగా ధవళేశ్వరం దగ్గర నీళ్ళు కట్టేసే వేసవిలో బోదెలో పారకం ఎక్కడిది? అక్కడక్కడా గుంటలే మిగులుతాయి.

మూత గట్టిగా పట్టే క్యాన్లో పోసి, పైన "విషం" అని రాసి, పిల్లలకి అందనిచోట పెట్టండి. కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం పోయకండి. ఇంజన్ ఆయిల్‌తో కలపకుండా, పాత కూలెంట్ తీసుకునే సర్వీస్ సెంటర్ కనుక్కుని ఇవ్వండి. ఒకచోట కాదంటే ఇంకోచోట అడగండి. ఎవరైనా తాగితే బాగానే ఉన్నారు కదా అని చూస్తూ కూర్చోకుండా, ఆ డబ్బా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. దీనికి విరుగుడు ఉంది, మొదటి గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది.

మావయ్యా, ఆ మెసేజ్ ఎవరెవరికి పంపారో వాళ్ళందరికీ ఇది కూడా పంపండి. మీ పాకలో గేదె మధ్యాహ్నం దిగేది ఆ బోదె గుంటలోకే.