డైమండుకు మూడో దారి

ఒడిశాలోని మా గజపతి జిల్లాలో ఒక కార్యాలయం గోడకు, నివాస, కుల ధ్రువపత్రాలు పొందే విధానాన్ని వివరిస్తూ, లామినేషన్ చేయించి మరీ తగిలించిన ఫ్లోచార్టును చూసి తెలుగువారు కొందరు నవ్వుకుంటున్నారని తెలిసి విచారిస్తున్నాను. వారికి ఫ్లోచార్టు శాస్త్రమూ తెలియదు, సరిహద్దు చరిత్రా తెలియదు.

ముందు శాస్త్రం. పని జరిగే తీరును బొమ్మగా గీసే పద్ధతిని 1921లో గిల్‌బ్రెత్ దంపతులు అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు పెట్టారు. కంప్యూటర్లవాళ్లు వాడే గుర్తులకు 1985లో ఐఎస్ఓ 5807 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. మొదలుకూ ముగింపుకూ కోలగా ఉండే గడి, పనికి దీర్ఘచతురస్రం, నిర్ణయానికి డైమండు. డైమండులోని ప్రశ్న సాధారణంగా అవునో కాదో తేలేటట్లు ఉండాలి, ప్రతి జవాబుకూ ఒక బాణం బయటికి రావాలి, అది ఏ జవాబుదో పక్కనే రాసి ఉండాలి, ఏ దారిన పోయినా మనిషి చివరికి ముగింపు గడి చేరాలి.

మన చార్టులో మొదటి డైమండు "దరఖాస్తుదారు పూర్వీకులు ఒడిశా వాసులేనా?" అని అడుగుతుంది. "అవును" బాణం తిన్నగా ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) గారి గడికి దిగుతుంది. "కాదు" బాణం కుడివైపుకు కాస్త దూరం నడిచి, చార్టు అంచున మేకు దగ్గర ఆగిపోతుంది. ఇది గీసినవారి పొరపాటనేవారు 1936 ఏప్రిల్ 1ని మరిచిపోతున్నారు. ఒరిస్సా ఏర్పడి, మా జిల్లా కేంద్రమైన పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అందులోకి వెళ్లిన రోజది. తాతగారు ఇల్లు మారలేదు, వీధీ మారలేదు, ఆయన పట్టా మీద మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీ అనే ఉంది. ఆ మనవడు అవునంటే కాగితం ఒప్పుకోదు, కాదంటే ఇల్లు ఒప్పుకోదు. జవాబే లేని చోట బాణాన్ని మేకుకు అప్పగించడం కంటే నిజాయితీ ఏముంటుంది?

కుల ధ్రువపత్రం ఎవరివ్వాలో తేల్చే రెండో డైమండు ఇంకా లోతైనది. సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం నుంచి పర్లాకిమిడికి వచ్చిన కోడలికి కుల ధ్రువపత్రం తండ్రి తరఫున రావాలి కనుక, "మీ నాన్నగారి ఊళ్లో తెచ్చుకోమ్మా" అని ఇక్కడివారు అంటారు. "మీరిప్పుడు ఇక్కడ ఉండటం లేదు కదమ్మా, ఒడిశాలోనే చూసుకోండి" అని అక్కడివారు అంటారు. ఒక పేజీ చాలనప్పుడు మిగతాది వేరే పేజీలో ఉందని చెప్పడానికి ఫ్లోచార్టుల్లో అయిదు మూలల గుర్తు ఒకటి వాడతారు. మనకు ఆ రెండో పేజీ వేరే రాష్ట్రంలో, వేరే లిపిలో ఉంది, దాని మీద మొదటి పేజీ చూడమని రాసి ఉంది. ప్రోగ్రామర్లయితే దీన్ని ఇన్‌ఫినిట్ లూప్, అంటే ముగింపు లేని చక్రం, అని కంగారుపడి దిద్దుతారు. మనవారు దీని మీద రెండు ఊళ్ల మధ్య ఆటోలు నడుపుకుంటున్నారు.

ఈ లెక్కన కొరాపుట్ జిల్లా కొటియా వారు అదృష్టవంతులు. ఒడిశావా, ఆంధ్రవా అని 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కిన ఆ 21 గ్రామాల తగాదా పుణ్యమా అని, రెండు రాష్ట్రాలూ పోటీపడి వారికి చెరొక మొదలు గడి గీసి ఇచ్చాయి. ముగింపు గడి గీయడానికి ఎవరికీ తీరిక దొరకలేదు.

నాకు అభ్యంతరం ఒక్కటుంది. అదే ఇంజనీర్ల సంఘం 1947లో ఖరారు చేసిన అయిదు గుర్తుల్లో, పని ఆగి ఉండటానికి ఇంగ్లీషు డి అక్షరం ఆకారమూ, భద్రపరచి ఉంచడానికి త్రిభుజమూ ఉన్నాయి. సారు క్యాంపుకు వెళ్లిన రోజులకు డి, బీరువాలోకి వెళ్లిన ఫైలుకు త్రిభుజం మన కోసమే కనిపెట్టినట్లుంటే, చార్టులో రెంటికీ చోటు ఇవ్వకపోవడం ఆ కార్యాలయం తన పనితనాన్ని తానే తక్కువ చేసుకోవడం కాదా?

మరొక్క మనవి. చేత్తో చేసే పనికి, పైన వెడల్పుగా కింద సన్నగా ఉండే గుర్తు ఐఎస్ఓ జాబితాలోనే ఉంది. గేటు బయట స్టూలు వేసుకుని, తెలుగులో విన్న గోడును ఒడియాలో దరఖాస్తుగా రాసిపెట్టి, ఏ కాగితానికి ఎన్ని జిరాక్సులు కావాలో, ఏ కిటికీ ఎప్పుడు తెరుస్తారో చెప్పే పెద్దమనిషికి ఆ గుర్తును కేటాయించి, మొదలు గడికి పైన గీయవలసిందిగా అధికారులను కోరుతున్నాను. ఆయన్ను కలవకుండా మొదలు గడి దాకా వెళ్లగలిగినవారిని నేనింతవరకు చూడలేదు.