ఇంటి పన్ను ఆపితే ఎవరు దిగివస్తారు?

గడచిన రెండు నెలల్లో ఒకే సందేశం మా ఊరి వాట్సాప్ గ్రూపు నుంచి, ఇంటర్ బ్యాచ్ గ్రూపు నుంచి, చివరకు మా పెదనాన్నగారి నుంచి కూడా నాకు వచ్చింది. కేంద్రం ప్రతి పంచాయతీకి ఏటా కోట్లు ఇస్తోందట, వాటిని సర్పంచి మింగేస్తున్నాడట. పైగా అతనికి నెలకు లక్ష రూపాయల జీతమట. లెక్కలు ఎవరికీ చూపరట, అడిగే హక్కు ఆదాయపు పన్ను కట్టేవారికే ఉందట. కనుక లెక్క తేలేదాకా ఊళ్లో ఎవరూ ఇంటి పన్ను కట్టకూడదట. రెండుసార్లు చూసీ చూడనట్టు వదిలేశాను గాని, “చదువుకున్నవాడివి, ఇందులో తప్పేముందో చెప్పు” అని పెదనాన్నగారు అడిగాక రాయక తప్పలేదు.

జీతం సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచి గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు, అదీ నెలనెలా అందితే.

ఆదాయపు పన్ను వాదన ఇంకా విచిత్రమైనది. అది పంచాయతీ వసూలు చేసే పన్నే కాదు. పంచాయతీకి దక్కేవి ఇంటి పన్ను, నీటి పన్ను, ఊళ్లో భూమి చేతులు మారినప్పుడు రిజిస్ట్రేషన్‌లో వసూలయ్యే ఒకటిన్నర శాతం బదిలీ సుంకంలో వాటా వంటివి. ఈ లెక్కన రెండు గదుల ఇంట్లో ఉండి ఏటా రసీదు తీసుకునే కూలీ మనిషి పన్నుదారు అవుతాడు. బెంగళూరులో లక్షల ఆదాయపు పన్ను కడుతూ, ఊళ్లో తాళం వేసిన ఇంటికి నాలుగేళ్ల బాకీ పెట్టినవారు కారు. ఈ సందేశం ఎక్కువగా పంపుతున్నది ఎవరో మా గ్రూపులో చూస్తే తెలుస్తుంది.

కోట్ల మాటకు వస్తాను. కేంద్రం నిధులను ఎవరికెంత పంచాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం 2021–26 ఐదేళ్లకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలన్నింటికీ కలిపి సిఫారసు చేసిన మొత్తం 2,36,805 కోట్ల రూపాయలు. సంఖ్య పెద్దదే. దాన్ని ఐదేళ్లకూ, దాదాపు రెండున్నర లక్షల పంచాయతీలకూ పంచి చూడండి. ఏడాదికి సగటున 19 లక్షలకు లోపే వస్తుంది. మండల, జిల్లా పరిషత్తుల వాటా పోగా గ్రామానికి దక్కేది అందులో 70 నుంచి 85 శాతం. దానిలోనూ 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి తప్ప వాడకూడదు. మిగిలిన 40 శాతం ఊరి అవసరాలకు వాడుకోవచ్చు గాని, జీతాలకు మాత్రం ముట్టుకోకూడదు. ఈ చివరి షరతును గుర్తుంచుకోండి.

అయితే డబ్బు మాయమైందన్న అనుమానం వట్టిది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధులను పంచాయతీల కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేసినప్పుడు, ఖాతాలు ఖాళీ అయ్యాయని సర్పంచులే రోడ్డెక్కారు. తెలంగాణలోనైతే 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా పంచాయతీలకు పాలకవర్గాలే లేవు. ఎన్నికైన పాలకవర్గం లేనిచోట ఈ గ్రాంటు ఆగిపోతుంది. అక్కడ ఆ రోజుల్లో మింగడానికి సర్పంచే లేడు. తినే సర్పంచులు లేరని నేననడం లేదు. అయితే ఈ చెల్లింపులకు పంచాయతీ కార్యదర్శి డిజిటల్ కీ (ఆన్‌లైన్ సంతకం), సర్పంచి కీ రెండూ పడాలి కనుక, తిన్నచోట ఒక్కడే తిన్నాడనుకోవడం అమాయకత్వం.

లెక్కలు రహస్యమన్నది వారి మరో మాట. పంచాయతీల జమాఖర్చులు ఎవరైనా చూడగలిగే ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్ 2020 ఏప్రిల్ 24 నుంచి ఉంది. సందేశం చదివిన రాత్రి ఫోనులోనే మా పంచాయతీ పేరు వెతికి, వోచర్లు ఒక్కొక్కటే తెరిచాను. బ్లీచింగ్ పౌడరు, మోటారు మరమ్మతు, మళ్లీ మోటారు మరమ్మతు. ఏ బోరు మోటారో, ఏ వీధిదో ఎక్కడా లేదు. కాబట్టి లెక్క చూపడం లేదన్నది అబద్ధమే గాని, అర్థమయ్యేలా చూపడం లేదన్నది నిజం. ఆ వివరం కావాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు, గడువు 30 రోజులు. సందేశం పది మందికి పంపడానికి పట్టేటంత సమయంలోనే ఆ దరఖాస్తు రాసేయవచ్చు.

ఇక అసలు ప్రమాదకరమైన సలహా, ఇంటి పన్ను ఆపడం. ఆపితే సర్పంచికి పోయేదేమీ లేదు. గ్రాంటు సొమ్ము జీతాలకు వాడకూడదన్నాను కదా. చెత్త బండి తోసే గ్రీన్ అంబాసిడర్‌కు, తెల్లవారుజామున మోటారు వేసే మనిషికి జీతం ఇవ్వాలంటే పంచాయతీ చూసుకునేది సొంత రాబడినే. మీ సహాయ నిరాకరణ ఉద్యమంలో మొదట పస్తులుండేది వాళ్లే. రెండో నెలలో మురుగు కాలువ పొంగితే, “చూశారా, పంచాయతీ పనిచేయడం లేదు” అని ఇంకో సందేశం తయారవుతుంది, దాన్నీ పంపుకోవచ్చు.

పైగా కేంద్రం డబ్బుకు షరతులు కేంద్రం పెడుతుంది. ఇది ఫలానా పనికే అని ఊరు పట్టుబట్టగలిగేది ప్రధానంగా ఈ ఇంటి పన్ను సొమ్ము మీదే. రసీదు తీసి చూడండి. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా అందులో ఉంటుంది. వసూలైన ఆ పైసలు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాయా అని గ్రామసభలో ఒక్కరు నిలదీసినా సమాధానం చెప్పడం కష్టమవుతుంది. కాని ఆ ప్రశ్న అడిగేవారి చేతిలో రసీదు ఉండాలి, వారు సభకు వెళ్లాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. సందేశం పంపినవారిలో ఎవరూ మా ఊరి సభకు వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు.

పన్ను ఆపాలన్నవారిలో రేపు వార్డుకు నిలబడదామనుకునేవారు నామినేషన్‌కు ముందురోజు బకాయి కట్టి నో డ్యూస్ తెచ్చుకుంటారన్నది వేరే సంగతి. ఇంతకీ మీరు ఈ ఏడాది కట్టారా అని పెదనాన్నగారిని అడిగాను. “మార్చిలోనే కట్టేశాను. రేపు కరెంటు మీటరు పేరు మార్చాలంటే రసీదు అడుగుతారుగా” అన్నారు.