పదిహేను నిమిషాల స్టాండప్ అన్నరు, గంట కూసోబెట్టిన్రు

ఇయ్యాల పొద్దుగాల 9:30కి మొదలైన స్టాండప్ (టీం రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్) 10:25కి అయిపోయింది. నేను నల్లగొండల ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్త. మా గల్లీకి నీళ్ల ట్యాంకరొచ్చి, అందరి డ్రమ్ములు నింపి పోయింది గూడ, మా మీటింగ్ మాత్రం అయితలేదు. పద్నాలుగు మందిమి. మేనేజర్ సార్ జిరా బోర్డు (ఎవరి పని ఎంత దాకా వచ్చిందో చూపే పట్టిక) తెరిచి పెట్టి ఒక్కొక్కల పేరు పిలుస్తడు. నిన్న ఏం జేసినవ్, ఎన్ని గంటలు పట్టింది, గన్ని గంటలు ఎందుకు పట్టింది?

నా వంతొచ్చింది. పేమెంట్ ఫెయిలైనంక రీఫండ్ రెండుసార్లు పోతున్న బగ్ అది. బ్యాంకు దిక్కు కోడ్ గూడ చూడాలె, అందుకే 8 పాయింట్లు (పని ఎంత పెద్దదో చెప్పే అంచనా లెక్క) పెట్టిన. "8 ఎందుకయ్యా, స్ప్రింట్‌ల పట్టాలె గద" (స్ప్రింట్ అంటే ఒక విడత పనికి పెట్టుకున్న గడువు) అనుకుంట సార్ నా కండ్ల ముందటనే 8 చెరిపి 3 కొట్టిండు. నన్ను అడగలే. ఆ కోడ్ ఒక్కసారన్న తెరిచి చూసిండా ఆయన?

మా అమ్మ మిర్యాలగూడ దిక్కు సాగర్ ఎడమ కాలువ కింద నాట్లకు పోయేది. గుత్తకు మాట్లాడే ముందు ముఠా పెద్దామె మడిలకు దిగి, మోకాళ్ల దాకా బురదల నడిచి చూసొచ్చేది. నారు ఎంత దూరం మోయాలె, నీళ్లు ఎంత నిలిచినయి, అంతా చూసినంకనే "రెండు దినాలు" అనేది. ఆసామి పైసల కాడ గీసి గీసి బేరమాడెటోడు గాని, "ఒక్క పూటల చెయ్యుండ్రి" అని ఎన్నడూ అనలే. నడుం వంచెటోళ్లు చెప్పిందే లెక్క అని మా ఊరి ఆసామికి తెలిసింది, ఇంత పెద్ద కంపెనీకి తెలుస్తలేదా?

మా కంపెనీ ఈ మీటింగులన్నీ ఎజైల్ (పని చిన్న చిన్న విడతలుగ చేసి, కస్టమర్‌కు చూపెట్టి సరిచేసుకునే పద్ధతి) పేరు మీదనే పెడ్తది. 2001 ఫిబ్రవరిల అమెరికాల యూటా రాష్ట్రం, స్నోబర్డ్ కాడ 17 మంది కూసొని ఎజైల్ మేనిఫెస్టో రాసిన్రు. అండ్ల మొట్టమొదటి మాటనే, పద్ధతులు, పనిముట్ల కన్న మనుషులు, వాళ్ల నడుమ మాటామంతీ ముఖ్యమని. ఎజైల్‌ల ఒక పద్ధతి స్క్రమ్, దాని నియమాల పుస్తకం స్క్రమ్ గైడ్ ఇరవై పేజీలు గూడ ఉండది. డెయిలీ స్క్రమ్ (మేం స్టాండప్ అనేది అదే) పదిహేను నిమిషాలే అని, అది డెవలపర్ల కోసమే అని అండ్ల సాఫ్ రాసి ఉంది. "నిన్న ఏం జేసినవ్" లాంటి మూడు ప్రశ్నలు గూడ 2020 గైడ్‌ల తీసేసిన్రు. స్టోరీ పాయింట్ (ఆ 8, 3 లెక్కనే) అన్న మాటే అండ్ల లేదు. మరి మమ్మల్ని ఏ పుస్తకం జూసి సతాయిస్తున్నరు?

ఎజైల్ అంటే నాకు కోపం లేదు దోస్తులూ. ఇంతకుముందు చేసిన టీంల మేం ఆరుగురమే. రెండు వారాలకోసారి కస్టమర్‌కు చూపెట్టెటోళ్లం, ఆయన వద్దన్నది అక్కడ్నే ఆపెటోళ్లం. ఆ పద్ధతి ఎంత సుఖమో నాకెరుక. ఈడ మాత్రం ఎజైల్ నేర్పే కోచ్‌ని పిలిచి రెండు దినాలు ట్రైనింగ్ ఇప్పిచ్చిన్రు, గోడ నిండ రంగు కాయితాలు అతికిచ్చిన్రు, గ్రూప్ ఫోటో దిగిన్రు. సోమవారం నుంచి మళ్ల పాత హాజరే. ఆ రెండు దినాలల్ల మేనేజర్లు ఒక్క గంట గూడ కూసోలే. నేర్పాల్సింది ముందుగాల వాళ్లకే గద! కోచ్ అనేటోడు రెండు మూడు నెలలన్న టీంతోని ఉండి, పాయింట్ల మీద చెయ్యేసిన మేనేజర్‌ని ఆడికాడ్నే ఆపాలె.

అన్నిటికన్న నాకు కాలేది రెట్రో (విడత అయినంక ఏం మంచిగైంది, ఏం చెడింది అని టీం మాట్లాడుకునే మీటింగ్) ముచ్చట. మా టీంల దేవరకొండ దిక్కు పిల్ల ఉండేది, కొలువుల చేరి ఏడాది గూడ కాలే. "ఈడ ఏదన్న చెప్పుండ్రి, బయటికి పోదు" అంటే నమ్మింది. "టెస్టింగ్‌కు ఇచ్చిన నాలుగు దినాలు ఒక్కటి చేసిన్రు, అందుకే రిలీజ్ ఆగమైంది" అని ఉన్నదున్నట్టు చెప్పింది. అప్రైజల్‌ల ఆమెకు ఏమొచ్చిందో తెలుసా? "నెగటివ్ ఆటిట్యూడ్." ఆ లైను నాకు చూపెట్టి, ఫోన్ బల్ల మీద బోర్లేసి, ఏం మాట్లాడకుండ కూసుంది. ఆర్నెల్లకు మానేసి పోయింది.

టీం ఎప్పటికప్పుడు కూసొని ఏం సరిచేసుకోవాలెనో చూసుకోవాలె అనేది మేనిఫెస్టో 12 సూత్రాలల్ల ఆఖరిది. ఆ పిల్ల పోయిన కాడ్నుంచి మా రెట్రో పది నిమిషాలల్ల ఖతం. అందరు "మంచిగనే ఉంది" అంటరు, నేను గూడ అన్న. అప్పుడు ఆమె పక్కన ఒక్క మాట మాట్లాడలే నేను. అదే నన్ను ఇప్పటికీ తింటున్నది.

శుక్రవారం నాలుగింటికి మళ్ల రెట్రో ఉంది. ఆ 3ని 8 చెయ్యుండ్రి అని అందరి ముందట అడుగుత. టెస్టింగ్ దినాల ముచ్చట గూడ తీస్త.